అక్క చేతి తెల్లమచ్చలు

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇంట్లో అందరం కులాసా. ఓడ మీద నీకు వేళకు తిండీ నిద్రా దొరుకుతున్నాయని తలుస్తాను. మీ బావ గురక తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు, పక్కింటివాళ్లే అలవాటు పడ్డారు.

ఇంత ఎండల్లో ఫోటోలో నాకు ఆ పొడుగు చేతుల చొక్కా ఏమిటనీ అడిగావు. అది చెప్పాలంటే ఇన్నాళ్లూ నీ దగ్గర దాచింది చెప్పాలి. కూర్చుని చదువు.

నా కుడి మడమ కింద నల్లమచ్చ లేచింది. బస్సు పెడల్ తొక్కీ తొక్కీ కమిలిందనుకున్నాను. క్యాన్సరట. కోసి తీసేశారు గానీ అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది. నడిసముద్రంలో ఉన్నవాడివి, విని ఏం చేస్తావని మీ బావ నోరు నేనే నొక్కేశాను.

"రోగంతో పోట్లాడే కణాలుంటాయంటారు కదండీ, నావి నిద్రపోతున్నాయా?" అని డాక్టరమ్మను అడిగాను.

"లేదమ్మా, క్యాన్సర్ పక్కనే నిలబడి ఉన్నాయి. కాపలా కణం ఒంటి మీద ప్రొటీన్లుంటాయి. కొన్నింటిని తాకితే కదులుతుంది, కొన్నింటిని తాకితే ఆగిపోతుంది. ఆ బ్రేకే లేకపోతే మన ఒంటినే తినేస్తుంది. మీ క్యాన్సర్ తన ప్రొటీనుతో ఆ బ్రేకునే తొక్కిపట్టింది. మందు ఆ కాలిని తప్పిస్తుంది. బ్రేకు సంగతి మీకు నేను చెప్పాలా?"

ఇన్నేళ్లు బస్సు నడిపాను. కంటికానని కణానికి కూడా కదలడం, ఆగడం తెలుసని, నా ప్రాణం ఆ రెండింటి మధ్యే ఉందని ఎన్నడైనా అనుకున్నానా!

మందు ఎక్కించారు. కొన్ని నెలలకు చేతుల మీద తెల్లమచ్చలు వచ్చాయి. ఇదెక్కడి కొత్త పీడ అని ఏడ్చాను. డాక్టరమ్మ మాత్రం నా చెయ్యి తిప్పి తిప్పి చూసింది.

"మీ క్యాన్సర్ పుట్టింది చర్మానికి రంగునిచ్చే కణాల్లోనే. రెండింటి మీదా ఒకేలాంటి గుర్తులుంటాయి. మీ కాపలావాళ్లు మేలుకుని రెండింటినీ పట్టుకుంటున్నారు. మంచి సూచనే. అయినా స్కాన్ చూడందే మాటివ్వను. ఆ మచ్చలు ఎండకు కాలతాయి, బయటికెళ్తే చేతులు కప్పుకోండి."

స్కాన్ వచ్చింది. గడ్డలు చాలావరకు కరిగాయి, కొంచెం మిగిలింది. మీ బావ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

నిన్న పొద్దున చూపుడువేలి మీద ఇంకో మచ్చ కనిపించింది. "ఏవండీ, ఇంకోటి!" అని కేకేశాను. సగం గీసిన గడ్డంతో, నురగ మొహంతోనే పరిగెత్తుకొచ్చారు. కిటికీ వెలుతురులో ఇద్దరం ఆ చుక్కను ఎంతసేపు చూశామో! తర్వాత ఆ వేలిని ఆయన బుగ్గకు ఆనించుకున్నారు. నా చెయ్యంతా నురగే.

ఇట్లు,
నీ అక్క