వంకర కిటికీ

నాన్నా మీరోన్,

నీ నడుంనొప్పి తగ్గిందా? మా కోడలు లెస్యాకు దగ్గు పోయిందా? పాపకు పళ్ళు వస్తున్నాయన్నావు, జ్వరం రాలేదు కదా? విన్నిపెగ్ చలి తలుచుకుంటేనే నాకు గుబులు.

మన చర్చి బాగుచేస్తూ, వరసలో లేని ఆ కిటికీని మూసేస్తావట. మీ నాన్న చేసిన పొరపాటు సరిదిద్దుతానన్నావని ఫాదర్‌గారు చెప్పారు. అప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

అది పొరపాటు కాదు నాన్నా. నువ్వప్పటికి పుట్టలేదు. మీ నానమ్మ మంచం దిగలేకపోయేది. మా ఇంట్లో ఆ మంచం మీంచి చూస్తే, ఎదురుగా చర్చికున్న ఆ కిటికీలోంచి, లోపల ప్రభువు ముందు వెలిగే ఎర్రదీపం కనబడుతుంది. మా అన్నయ్య, అదే మీ నాన్న, రోజూ పనికి పోయేముందు అమ్మ పక్కన మోకరించి, ఆ దీపం చూస్తూ ప్రార్థన చేసేవాడు.

ఊళ్ళోవాళ్ళు "ఏం ఒస్తాప్, పెన్సిలు జారిందా?" అని ఆటపట్టించేవారు. "జారిందయ్యా, నేనూ మనిషినేగా" అని నవ్వేవాడు. అంత పేరున్న ఆర్కిటెక్టు! నాతో మాత్రం, "దేవుడి ఇంటిని అమ్మకోసం వంచానంటారే, ఎవరితోనూ అనకు" అన్నాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ అనలేదు.

ఇప్పుడా మంచం మీద నేను పడుకుంటున్నాను. నువ్వొచ్చేదాకా ఆ కిటికీ మీద చెయ్యి వెయ్యనివ్వకు. మనవాళ్ళ సమాధుల దగ్గర ఏటా జరిగే ప్రార్థనకు ఎటూ వస్తావు కదా, ఒక రాత్రి ఉండి ఆ మంచం మీద పడుకో. ఉతికిన దుప్పటి వేసి ఉంచుతాను, ఈస్టర్ తరవాతి ఆదివారానికి.