నువ్వు సెప్పిన క్లైమాక్సు

వదినా,

నువ్వు సచ్చిపోయి రేపటికి ఏడాది. ఈ నెల ఫోన్లోకి కొత్త సినిమాలు శానా వొచ్చినాయి. జీడిపప్పు పొట్టు తీసే మన బల్ల కాడ కొత్త కోడళ్లు రోజూ నన్నే అడుగుతన్నారు, "ఏటి సూడమంటావు పిన్నీ?" అని. పది భాగాల దెయ్యం కథొకటుంది. నువ్వయితే ఒక తట్ట పప్పు అయ్యేలోగా దాన్ని సెప్పేసేదానివి.

సెలవునాడు కాశీబుగ్గ హాల్లో మేట్నీ సూసొచ్చి, మర్నాడు పొట్టు తీత్తా బల్ల కాడోళ్లందరికీ కథ సెప్పేదానివి. టీకి కూడా ఎవరూ లేచేవారు కాదు.

నువ్వు సెప్తే నాను ఏడ్సిన ఆ పడవోళ్ల పాత సినిమా కూడా ఇప్పుడు ఫోన్లోకి వొచ్చినాది. నిన్న కూకొని మొత్తం సూసేను. నీ కథలో తుపానులో సిక్కుకున్న మొగుడు తెల్లారి ఇంటికొచ్చి సల్దన్నం అడిగేడు. ఇందులో ఆడు రాలేదు వదినా. ఖాళీ పడవొచ్చినాది.

అప్పుడు గుర్తొచ్చినాది. హాల్లో మేట్నీ వదలకముందే నీ ఇంట్లో పొయ్యి ఎలిగేది. పిల్లలకి వొండాలని నువ్వు ఏ సినిమాకీ సివరిదాకా కూకోలేదు. క్లైమాక్సులన్నీ నువ్వు అల్లినవే. ఎంత అబద్ధాలకోరువి వదినా!

ఈవేళ కోడళ్లకి ఆ సినిమానే సూడమన్నాను, ఆఖరి పావుగంట వొద్దన్నాను.

"మరి సివరికి ఏటయినాది పిన్నీ?" అన్నారు.

"వొచ్చేడు. సల్దన్నం ఉందా అని అడిగేడు" అన్నాను.