మూడో వరుస నాలుగో ముక్క

ఆటల సంస్థలో ఉత్తరాలు చదివే అధికారిగారి సముఖానికి,

నలభై ఏళ్ళు టైల్స్ మేస్త్రీగా పనిచేసి విరమించినవాడు చేసుకొను విన్నపం. టీవీ ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడుకునే తమ ఆటలో బొమ్మ కూర్పు పందెం ఒకటి ఉన్నది. తెర రెండు సగాలవుతుంది. ఇద్దరికీ ఒకే బొమ్మ పదహారు ముక్కలై చెల్లాచెదురుగా వస్తుంది. ముందు కూర్చినవారిది గెలుపు.

మా కోడలికి నెలలు నిండాయి. బిడ్డకు పేరు పెట్టే హక్కు నాదా, పక్క వీధిలో ఉండే వియ్యపురాలిదా అన్న వివాదం భోజనాల బల్ల దగ్గర మొదలై వీధిగుమ్మం దాటింది. కోడలు విసిగి ఇద్దరి చేతికీ చెరొక రిమోట్ ఇచ్చి, బిడ్డ ఇంటికొచ్చిన రోజున ఆడే ఒకే ఒక్క పందెంలో గెలిచినవారిదే పేరని తీర్పు చెప్పింది. అందాకా సాధన. సాధనలో నేను ఇరవై మూడుసార్లు ఓడాను.

లోపం నా వేళ్ళలో లేదు, మీ వంటగది బొమ్మలో ఉన్నది. మూడో వరుస నాలుగో ముక్కలో నేల టైల్స్ సందు పక్క ముక్క సందుతో కలవదు. వేలెడు తేడా. అటువంటి ముక్కను అక్కడ పెట్టి చేతులు దులుపుకోవడం నా వల్ల కాదు. సరైనదాని కోసం నేను వెతుకుతుండగా వియ్యపురాలు గెలుస్తున్నది. ఆవిడ దర్జీ. "కుట్టు కాస్త అటూ ఇటూ అయితే చొక్కా చొక్కా కాకుండా పోతుందా అన్నయ్యగారూ? పెట్టెయ్యండి" అన్నది నిన్న. ఇటువంటి చేతికి బిడ్డ పేరు అప్పగించలేను. బొమ్మను దిద్దించగలరు.

ఇట్లు,
బతుకంతా మోకాళ్ళ మీద గడిపిన మేస్త్రీ

తా.క.: బొమ్మలో గోడ కూడా ఒంగి ఉన్నది. అది తాపీవారి పని కనుక నేను మాట్లాడను.

---

గౌరవనీయులైన ఆటగాడిగారికి,

ఆట కష్టంగా ఉన్నదన్న తమ ఫిర్యాదు అందినది. మా కార్యాలయంలో ఫిర్యాదులు మూడే రకాలు: కష్టం, మరీ సులువు, శబ్దం ఎక్కువ. తమది మొదటి రకంగా నమోదయినది. 'చిన్నారులు' అను స్థాయిని ఎంచుకున్నచో పదహారు ముక్కలు నాలుగవును.

తమ వినోదమే మా బాధ్యతగా,
ఉత్తరాల విభాగం

తా.క.: గోడ విషయం వేరే విభాగం లేనందున శబ్ద విభాగానికి పంపడమైనది.

---

విభాగంవారికి,

అయ్యా, నాకు కష్టం కాదు, అసహ్యం. నేల ఎలా ఉండాలో తెలియడానికి మా వంటగది నేలను టైల్స్ పెట్టె అట్ట మీద పెన్సిలుతో ఉన్నదున్నట్టు గీసి జతపరిచాను. పంతొమ్మిదేళ్ళ కిందట నేనే స్వయంగా వేసిన నేల. దీన్ని చూసి మీవాళ్ళు నేర్చుకోవచ్చు.

నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని ఉంటున్నది. కోడలు తనకన్నా నాకే ముందు నొప్పులొచ్చేలా ఉన్నాయంటున్నది. త్వరపడండి.

కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ,
మేస్త్రీ

తా.క.: చిన్నారుల స్థాయిలో కూడా ఓడాను. ముక్కలు నాలుగైనా సందు అదే కదా.

---

ప్రియమైన ఆటగాడిగారికి,

మీ ఇంటి చిన్నారి గీసిన ముచ్చటైన బొమ్మ అందినది. స్థాయిని బట్టి, పెన్సిలును బట్టి దానిని ఏడేళ్ళలోపు పిల్లల చిత్రలేఖన పోటీలో చేర్చడమైనది.

అభినందనలతో,
ఉత్తరాల విభాగం

తా.క.: గీతలో నిలకడ తక్కువని న్యాయనిర్ణేతల అభిప్రాయం. వయసుతో అదే వస్తుంది.

---

విభాగానికి,

నా వయసు అరవై నాలుగు. రావలసిన నిలకడ వచ్చి, పోవలసినంత పోయింది కూడా. బొమ్మను పోటీ నుంచి తీసివేసి, మీ బొమ్మను దిద్దండి. నిన్న ఆడపిల్ల పుట్టింది. గురువారం ఇంటికి వస్తున్నారు. పందెం ఆ సాయంత్రమే.

ఓపిక నశించి,
మేస్త్రీ

తా.క.: ఇక్కడ ఆసుపత్రిలో పాప గుక్కపట్టి ఏడుస్తున్నది. ఇది శబ్దం ఫిర్యాదు కాదు.

---

చిరంజీవికి ఆశీస్సులు.

నీ బొమ్మకు ప్రథమ బహుమతి వచ్చినది. ఉపసంహరణకు నియమావళిలో అవకాశం లేదు. మా చిత్రకారులు దానికి రంగులు వేసి, కిటికీ, పిల్లి, పూలకుండీ చేర్చి, పాత వంటగది బొమ్మ స్థానంలో బుధవారం నుంచి ఆటలో ప్రవేశపెట్టుచున్నారు. రంగు పెన్సిళ్ళు వేరుగా పంపడమైనది.

నీ శ్రేయోభిలాషులు,
ఉత్తరాల విభాగం

తా.క.: వయసు అరవై నాలుగని రాసిపెట్టిన పెద్దలు పిల్లలకు అబద్ధాలు నేర్పరాదు.

---

విభాగంవారికి నమస్కరించి,

మీ ఉత్తరం శుక్రవారం అందినది. పందెం గురువారం అయిపోయినది.

కొత్త వంటగది వచ్చింది. పిల్లిని, పూలకుండీని చూసి, నా మాట విని మీరే కొత్తది వేయించారనుకున్నాను. అర నిమిషంలో పదిహేను ముక్కలు కూర్చాను. వియ్యపురాలు ఇంకా పిల్లి తోక వెతుక్కుంటున్నది. చివరి ముక్క చేతిలో ఉండగా చూశాను. ఈసారి రెండో వరుస. సందు కలవలేదు. వేలెడు తేడా.

నేను రిమోట్ ఒళ్ళో పెట్టుకుని, కొడుకు, కోడలు, చూడవచ్చిన ఇరుగుపొరుగు అందరూ వింటుండగా, "ఈ నేల వేసినవాడెవడో గానీ, వాడి చేత మళ్ళీ టైలు ముట్టించకూడదు" అన్నాను. నేనింకా వాడి గురువు సంగతి ఎత్తుతుండగానే వియ్యపురాలు చివరి ముక్క పెట్టేసింది. బొమ్మ తెరంతా పరుచుకున్నది. కింద పెద్ద అక్షరాలతో నా పేరు, మా ఇంటి నంబరు, ఏడేళ్ళలోపు విభాగం.

వియ్యపురాలు కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివింది. "మీకు తెలిసినవాడేలెండి అన్నయ్యగారూ" అన్నది. పాపకు పేరు ఆవిడే పెట్టింది. మంచి పేరే.

రంగులేసినవారు చెడగొట్టి ఉంటారని, నేరుగా వంటగదిలోకి వెళ్ళి నేల సందుల వెంట నూలుదారం పట్టి చూశాను. బొమ్మలో ఏ తప్పూ లేదు. ఉన్నదున్నట్టే గీశాను. దయచేసి దిద్దవద్దు.

ఇట్లు,
ప్రథమ బహుమతి గ్రహీత

తా.క.: ఆ సందు మీదికి ఫ్రిజ్ జరిపాను. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. రెండో పక్క పట్టింది వియ్యపురాలే.