మంచివాడని రాసిన కాగితం

దుషాంబే జైలు,
మార్చి 3.

తమ్ముడు ఖుదోనజర్‌కి,

మంచివాడని రాయమంటే మరీ ఇంత మంచివాడని రాస్తార్రా ఎవరైనా? సలాం ముందు చెప్పాలి, కోపంలో వెనకబడింది. నువ్వూ, మరదలూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. నేను క్షేమమే. ఇక్కడి బార్లీ జావ కూడా ఏ మార్పూ లేకుండా క్షేమంగా ఉంది.

నిన్న అప్పీలు విన్నారు. తొమ్మిదేళ్ళు ఎక్కువ, ఆరు చెయ్యండని మన లాయరమ్మ బాగానే అడిగింది. జడ్జి తల కూడా ఊపాడు. అప్పుడు, గుల్‌మహ్మద్ బాబాయి పొద్దున బస్సు దిగి తెచ్చిచ్చిన ఊరి కాగితం తీసి చదివింది. దావ్లత్ పరోపకారి, ఇరవై ఏళ్ళుగా ఎంత చలైనా టైరు ట్యూబు మీద పంజ్ నది దాటి ఆఫ్ఘన్ వైపు చుట్టాలకి మందులిచ్చి వస్తాడు, సరిహద్దు కాపలావాళ్ళకి నదిలో ఒక్కసారీ దొరకలేదు, అంత నేర్పరి అని.

లాయరమ్మ సగంలో చదవడం ఆపేసింది. ప్రాసిక్యూటర్ మాత్రం ఆపకమ్మా, బాగుంది, మళ్ళీ చదువు అన్నాడు. నా గురించి అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు, నా పెళ్ళిలో ముల్లాతో సహా.

ఇప్పుడు నేను ఒక్కసారి నల్లమందుతో దొరికినవాణ్ణి కాదు, ఇరవై ఏళ్ళ పాతకాపుని. పదిహేనేళ్ళు వెయ్యమని సర్కారు వైపు వాళ్ళూ అడిగారు. నది ఒంటరిగా దాటి ఉండవు, తోడెవరో చెప్పు, తొమ్మిది తొమ్మిదిగానే ఉంచుతాం అన్నాడు ప్రాసిక్యూటర్. ఇవాళ మధ్యాహ్నం దాకా గడువిచ్చారు. కాగితం రాసిందెవరని కూడా అడిగాడు. బాబాయి గర్వంగా నీ పేరు చెప్పి, ఊళ్ళోకెల్లా చక్కటి దస్తూరి అని కలిపాడు. అది రాసుకున్నారు.

ఇట్లు,
మీ పరోపకారి అన్న,
దావ్లత్.

తా.క. ఇది జైలు ఆఫీసులో చూపించే ఉత్తరం కాదు. ఇవాళ విడుదలయ్యే వడ్రంగి బూటులో వస్తోంది గనక చెబుతున్నా. నేను పట్టుబడ్డ రోజు అవతలి గట్టున నా ఖాళీ సంచి అడుగున నల్లమందు పెట్టింది నువ్వేనని నాకు తెలుసు. రోడ్డు చెక్‌పోస్టులో సంచి విప్పకముందే తెలిసింది. ఆ ముడి నీది, నేను నేర్పిందే. నీ ఇద్దరాడపిల్లల మొహం చూసి, తొమ్మిదేళ్ళే కదా, మోస్తాలే అనుకున్నా. పదిహేనంటే డెబ్భై దాటతాయిరా నాకు. వడ్రంగి రేపటికి ఊరు చేరతాడు. పోలీసులు అంతకన్నా ముందే నీకోసం రావచ్చు. కోర్టు బండి వచ్చినట్టుంది, గార్డు నా పేరు పిలుస్తున్నాడు. వస్తున్నానయ్యా, ఒక్క ముక్క. నజరూ, ఇవాళ నన్ను నిలబెట్టి అడిగితే నేను నీ