సిమెంటోళ్ల స్టేజీ

1985 సెప్టెంబర్ 8, ఆదివారం

మందమర్రి నుంచి తిరుగు ప్రయాణం. సిమెంటోళ్ల స్టేజీ దగ్గర బస్సు ఆగింది. డ్రైవరు కొత్తవాడు. చెట్టు కింద గద్దె మీద ఏడెనిమిది మంది మూటలతో, గొడుగులతో కూర్చుని ఉంటే ఆపకుండా ఎట్లా పోతాడు పాపం! "ఎక్కుండ్రి, జల్ది ఎక్కుండ్రి" అని ఒకటే అరుపు. బస్సంతా నవ్వు. "ఆళ్లు సిమెంటోళ్లన్నా, వట్టి బొమ్మలు. ఎక్కరు, దిగరు. పోనియ్యి" అన్నాడు కండక్టర్.

నేనూ నవ్వాను. నవ్వుతూనే కిటికీలోంచి చూశాను. గద్దె చివర... ఆయన.

ఎడమ మోకాలి మీద కుడి చేయి. చీలిన చెవి తమ్మె. మెడ కొంచెం పక్కకు. అన్నీ ఆయనవే. జుట్టు మాత్రం నెరిసింది.

ఈ ఇంట్లోంచి పోయిననాడు ఒక్క తెల్ల వెంట్రుక లేదు.

సెప్టెంబర్ 9

మూడో తరగతికి ఏడో ఎక్కం తప్పు చెప్పాను. పిల్లలే దిద్దారు.

ఇంట్లో మళ్లీ అదే ముచ్చట. బోథ్‌లో ఎడ్ల అంగడికి పోయొస్తానని బస్సెక్కిన మనిషి. ఈ పెత్రమాసకు, పెద్దల అమావాస్యకు, పన్నెండేళ్లు నిండుతాయి. పన్నెండేళ్లు ఏ కబురూ లేకపోతే పోయినట్టే లెక్కట. మోదుగ కాడలతో మనిషిని కట్టి, కొబ్బరికాయ తల పెట్టి కాల్చాలి. ఆ తర్వాత నా బొట్టు, నా గాజులు, నా మట్టెలు.

తను కన్నుమూసేలోగా కొడుక్కి ఇన్ని నీళ్లు వదలాలని అత్తమ్మ పట్టు. "నా కొడుకు బంగారం" అంటుంది. ఏ పూటా వేళకు ఇల్లు చేరని బంగారం! చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఇక్కడ చచ్చాడో లేదో తేలకముందే చారెడయ్యాయి.

చూసింది ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబర్ 12

నిద్ర లేదు. పిల్లల నోటు పుస్తకాల మీద నా సంతకం నాకే గుర్తుపట్టరాకుండా ఉంది.

సెప్టెంబర్ 15, ఆదివారం

మంచిర్యాలలో మీటింగని అబద్ధం చెప్పి పోయాను.

స్టేజీలో నేనొక్కదాన్నే దిగాను. బస్సు పోయింది. గాలి లేదు, ఒక పిట్ట కూత లేదు. వాళ్లంతా రోడ్డు వైపే చూస్తున్నారు. ఏదో మాట్లాడుకుంటూ నన్ను చూసి ఆపేసినట్టు ఉంది. వెనక్కి పోదామంటే గంటదాకా బస్సు లేదు.

వాళ్లను చేసిన ఓదెలు మేస్త్రీ వెనకాల గుడిసెలోంచి వచ్చాడు. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చేసి దిగిపోయిన ముసలాయన. కళ్లు సగానికి పైగా పోయాయి. బస్సు కోసం ఆగినవాళ్ల మొహం చేతులతో తడిమి, తడిమింది తడిమినట్టు సిమెంటులో చేస్తాడు.

"గీ చివరాయన ఎవలు?" అడిగాను.

"పేర్లు నేనడుగ తల్లీ. మొకమే అడుగుత."

"ఎప్పుడచ్చిండు?"

"నిరుడో, మొన్నటేడో. లక్సెట్టిపేట బస్సు అచ్చింది. లేచి నిలవడ్డడు. ఎక్కలే. మల్ల కూసున్నడు."

"తర్వాత?"

"ఎటు పోయిండో ఎర్కలే. మొకమైతే సల్లగుండె. మస్తు సల్లగ. సలికాలం గావొచ్చు."

"చూపు సరిగ లేదు గద. జుట్టు తెల్లగైందని నీకెట్ల ఎరుక?"

"ఆయ్నే చెప్పిండు, తెల్లరంగెయ్యి అని."

ఆయన పక్కన కూర్చోలేదు. ఎదురుగా నిలబడితే చూపు నా భుజం మీదుగా రోడ్డు మీదికి పోతోంది. పక్కకు జరిగాను. అయినా నా మీద పడలేదు.

సెప్టెంబర్ 16

గంట దారి. అంత దగ్గరికి వచ్చి, మా ఊరి మీదుగా పోయే లక్సెట్టిపేట బస్సు చూసి లేచి నిలబడి, ఎక్కలేదు.

ఆయన లేకపోతే నేను విధవను. ఉంటే, వద్దనుకున్నదాన్ని. సిగ్గు విడిచి రాస్తున్నాను. ఒక్క క్షణం, లేకుంటేనే బాగుండు అనుకున్నాను.

సెప్టెంబర్ 23

అత్తమ్మకు చెప్పేశాను. చేతికర్ర అందుకుని, "ఎన్నడు తీస్కపోతవ్?"

సెప్టెంబర్ 29, ఆదివారం

తీసుకుపోయాను. ఓదెలు మేస్త్రీ లేడు, గుడిసెకు తడక కట్టి ఉంది. అత్తమ్మ కర్ర పోటేసుకుంటూ ఆ చివరి నుంచి ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది, చుట్టాలింట్లో పలకరించినట్టు. ఆయన ముందు ఆగింది.

"గాదు" అన్నది.

"జర చెవి చూడుండ్రి అత్తమ్మా..."

"గాదంటున్న గద! నా కొడుకు గింత దూరమచ్చి ఇంటికి రాకుంట ఉంటడా?"

బస్సు వస్తే చేయి పట్టుకుని ఎక్కించాను. వెనక్కి తిరిగి చూస్తే ఆ సిమెంటు ఎడమ అరచేతిలో రెండు వక్కలు. అత్తమ్మ సంచిలోవి. ఎప్పుడు పెట్టిందో నేను చూడలేదు. దారంతా నా చేయి వదల్లేదు.

అక్టోబర్ 6

ఇల్లు చేరిన దగ్గర్నుంచి అత్తమ్మ ఈ కర్మకు ఔననదు, కాదనదు. మరిదే అన్నీ చూస్తున్నాడు. మోదుగ కాడలు వచ్చాయి, కొబ్బరికాయ వచ్చింది. తాత కాలం నుంచి ఈ ఇంటి పద్ధతి అంతా తెలిసిన అయ్యగారు వచ్చి కూర్చున్నారు.

"కాల్చే ముందు పొలిమేరల నిలవడి పేరువెట్టి మూడుసార్లు పిలువాలె. పలుకకుంటెనే పని మొదలువెడుదం" అన్నారు.

"ఎవరు పిలవాలి?" అని అడిగాను.

"భార్యనే అమ్మా."

పేరు. పెళ్లయి పదహారేళ్లు, ఒక్కసారి నోట అనలేదు. ఓట్లు రాసుకునేవాళ్లు అడిగితే పక్కింటామెతో చెప్పించాను. ఈ డైరీలో కూడా లేదు, ఇప్పుడే వెతికి చూశాను. మొదటిసారి పిలవడం ఆయన లేడని తేల్చడానికా? ఒళ్లు మండుతోంది. ఎవరి మీదో కూడా తెలియడం లేదు.

అక్టోబర్ 9

పిల్లలు పోయాక ఖాళీ తరగతిలో అని చూద్దామనుకున్నాను. మొదటి అక్షరం దగ్గరే దగ్గు పట్టుకుంది.

అక్టోబర్ 13, పెత్రమాస. మధ్యాహ్నం

మోదుగ మనిషిని వాకిట్లో చాప మీద పడుకోబెట్టి పొద్దున్నే పొలిమేరకు పోయాం. అయ్యగారు, మరిది, అత్తమ్మ, నేను. బతుకమ్మ మొదలు ఈ రోజే. తంగేడు పూలకు పోతున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి రోడ్డు ఆ పక్కకు జరిగారు. నిరుటిదాకా ఆ గుంపులో నేనూ ఉన్నదాన్నే.

ఒకసారి పిలిచాను. మెల్లగానే. చేలు నిశ్శబ్దంగా ఉన్నాయి.

"ఒకటి" అన్నారు అయ్యగారు.

రెండోసారి గట్టిగా పిలిచాను. ఎంత తేలిగ్గా వచ్చింది! ఇన్నేళ్లూ ఎందుకు దాచుకున్నానా అని ఏడుపొచ్చింది.

మక్కచేను అవతల నుంచి, "ఆఁ".

ఎవరో పసులు కాసే మనిషి కావచ్చు. ఎవరినో ఎవరో పిలిస్తే పలికి ఉండవచ్చు. అయ్యగారికి వినపడలేదు. మరిది గడియారం చూసుకుంటున్నాడు. అత్తమ్మ గోళ్లు మాత్రం నా మణికట్టులో దిగాయి.

"రెండు. ఇంకొక్కసారి అమ్మా."

అత్తమ్మ నా చెవి దగ్గరికి వచ్చింది. "పిలువకు బిడ్డా."

తల తిరుగుతోందని చెప్పి తిరిగి వచ్చేశాం. అయ్యగారు అరుగు మీద కూర్చున్నారు. పొద్దు వాలకముందే తేల్చమంటున్నారు. మరిది చేను చుట్టూ తిరిగి వచ్చి, "ఎవలు లేరు వదినె, ఒక్క మనిషి లేడు" అన్నాడు. అత్తమ్మ గడపలో అడ్డంగా కూర్చుంది. ఎవరినీ దాటనివ్వడం లేదు, నన్ను కూడా.

పలకకపోతే ఏం జరుగుతుందో నాకు తెలుసు. పలికితే, ఇంత దగ్గరుండి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడగాలి. మూడో పిలుపు ఇంకా నా నోట్లోనే ఉంది.