ఖాళీ జాబితాను నమ్మి వ్యాను ఆపిన సంగతి

అయ్యా,

విషయం: డయాలసిస్ రోగుల వ్యాను జాబితా ఖాళీగా కనబడుటయు, ఆ ఖాళీని తమ కార్యాలయము నిజమని నమ్ముటయు గురించి.

1. మా అక్క కుట్టుపని చేస్తుంది. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. డయాలసిస్‌కు ఆమెను తీసుకెళ్ళే వ్యాను తమ వైద్యశాఖదే. మొన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద ఎదురుచూసింది. వ్యాను రాలేదు. ఫోను చేస్తే డ్రైవరు, "ఇవాళ ఎవరూ లేరని సైట్లో చూపిస్తోందమ్మా, నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు. "నేను లేకపోతే నీతో మాట్లాడేది దెయ్యమట్రా?" అంది అక్క. సాయంత్రానికి ఊపిరాడలేదు. పక్కింటివాళ్ళ కారు దొరికింది కాబట్టి బతికింది.

2. "జాబితా ఖాళీ అంటే రోగులు లేరనేగా" అని తమ గుమాస్తా సెలవిచ్చారు. కాదు! వెతికితే ఎవరూ దొరకకపోవడం వేరు, అసలు వెతకలేకపోవడం వేరు. ఆ ఉదయం రోగుల పేర్లుండే డేటాబేసు జవాబే ఇవ్వలేదు. రెంటికీ తమ వెబ్‌సైటు చెప్పేది ఒకటే మాట: "వివరాలు లేవు". తాళం తియ్యలేక తిరిగొచ్చినవాడు ఇంట్లో ఎవరూ లేరని రాసిచ్చినట్టుంది.

3. ఇది పొరపాటని నన్ను నమ్మమంటారా? సైటు తయారుచేసిన ప్రోగ్రామరును పట్టుకున్నాను. "తప్పొస్తే తప్పనే చూపించేలా రాశానండీ. ఎర్రక్షరాలు కనబడితే ఫిర్యాదులొస్తాయి, ఖాళీ జాబితా చూపించమన్నారు" అన్నాడు. ఎవరన్నారయ్యా అంటే టీ గ్లాసులోకి చూశాడు.

4. ఇలా ఖాళీ చూపిన రోజులన్నీ కలిపి నోటీసుబోర్డు మీద "వ్యానుకు గిరాకీ తగ్గినది" అని అంటించారు. కింద తమ సంతకం. ఇక వ్యాను ఎత్తెయ్యడమేగా తరువాయి? లేనివాళ్ళను అసలే లేకుండా చెయ్యడానికి ఇంత శుభ్రమైన పద్ధతి నేనింకెక్కడా చూడలేదు.

కావున డేటాబేసు పలకనప్పుడు "వెతకలేకపోయాం" అని ఆ పేజీ ఒప్పుకోవాలనీ, ఆ మాట కనబడితే డ్రైవరు పాత జాబితా పట్టుకుని బయల్దేరాలనీ, ఆ నోటీసు పీకించాలనీ కోరుచున్నాను. అక్క వంతు మళ్ళీ రేపే. గుమాస్తాకు తోసెయ్యక, స్వయంగా చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జాబితాలో లేని టైలరమ్మ తమ్ముడు

తా.క.: తమ గది ఎక్కడో తెలుసుకుందామని సైట్లో తమ పేరు కొట్టాను. "వివరాలు లేవు" అంది. అక్కకు ఫోను చేసి చెప్పాను. "అది లేడంటే నమ్మేసి తిరిగొచ్చెయ్యకురా. తలుపు కొట్టి చూడు" అంది. దారి అడుగుతూ వచ్చి తమ గది బయట బెంచీ మీద కూర్చుని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. తలుపు సందులోంచి ఫ్యాను గాలి తగులుతోంది. తమరున్నారు. తలుపు కొడుతున్నాను.