ఇరవై ఏడో నంబరు గొంతు

పరిశోధన నియమాల సంఘం కార్యదర్శి గారి సముఖమునకు,

అంతర్జాతీయ అభివృద్ధి సహకార విభాగం, ఎం.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థిని, హాల్ టికెట్ నంబరు 0419, సమర్పించుకొను మనవి.

విషయం: ఈ నెల పదిహేనవ తేదీన చెరిపివేయనున్న అరవై రికార్డింగులలో ఇరవై ఏడవ దానిని చెరపకుండా నిలుపుదల చేయుట గురించి, అందుకు గాను నా తప్పును నేనే ఒప్పుకొనుట గురించి.

అయ్యా,

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా,

1. బయటి దేశాల సాయంతో ఒక కాలనీలో ఇంటింటికీ పంచిన పొగరాని పొయ్యిలను జనం నిజంగా వాడుతున్నారా అన్నది నా థీసిస్ అంశం. సాయం చేసిన సంస్థ వారి నివేదిక ప్రకారం దాదాపు అందరూ వాడుతున్నారు. నేను అరవై ఇళ్లకు వెళ్లి, ఇంటికి ముప్పై ఆరు ప్రశ్నలు అడిగి, జవాబులను విభాగం వారిచ్చిన రికార్డరులో ఎక్కించుకుని వచ్చాను. రికార్డరును ఏ రోజుకారోజు ఆఫీసులో అప్పగించి సంతకం పెట్టాను. నా వద్ద ఏ నకలూ లేదు. ఉంచుకోరాదని నియమం, నేను ఉంచుకోలేదు.

2. సదరు నియమావళిలో ఆరవది: పరిశోధకులు తమ బంధువులను ప్రశ్నించరాదు. పదకొండవది: డిగ్రీ ఇచ్చే ముందు గొంతులన్నింటినీ చెరిపివేయవలెను. ఆరవ నియమాన్ని నేను మీరాను. ఇప్పుడు పదకొండవది నా మెడకు చుట్టుకుంది.

3. ఇరవై ఏడవ నంబరు సమాధానదారు మా అమ్మ.

4. నేను ఆ కాలనీలోనే పుట్టి పెరిగానని విభాగంలో ఎవరికీ తెలియదు. అడగలేదు గనుక చెప్పలేదని రాయవచ్చు గాని, అది నిజం కాదు. చెప్పబుద్ధి కాలేదు. మొదటి సంవత్సరం క్లాసులో మా కాలనీ పేరు బోర్డు మీద రాసి, దాని కింద 'లబ్ధిదారులు' అని రాసి గీత గీశారు. నేను కూడా నోట్సులో ఎక్కించుకుని గీత గీశాను. తర్వాత ఇళ్లను చీటీలు తీసి ఎంపిక చేసినప్పుడు మా ఇంటి నంబరు వచ్చింది. అలాంటప్పుడు బదులు ఇల్లు తీసుకోవచ్చు. కానీ బదులు జాబితాలో ఉన్నవి ఐదు ఇళ్లు, ఐదింటికీ తాళాలే. మూడుసార్లు తిరిగాను. "అరవైకి ఒక్కటి తగ్గినా నేను సంతకం పెట్టను," అన్నారు గైడు గారు. ఆ విధంగా మా ఇంటికి నేనే సర్వేకు వెళ్లాను. సమాధానదారులెవ్వరితోనూ నాకు బంధుత్వం లేదని పత్రం మీద సంతకం కూడా చేశాను.

5. నాకన్నా ముందు అమ్మను ఏడుగురు సర్వే చేశారు. అందుచేత పద్ధతి ఆమెకు నాకన్నా బాగా తెలుసు. నేను నేరుగా లోపలికి వచ్చి చాప మీద కూర్చోబోతే, బయటికి పంపి తలుపు కొట్టించింది.

"ముందు మీరెవరో చెప్పాలి మేడమ్. తర్వాత, ఇష్టం లేని ప్రశ్నకి జవాబు చెప్పనక్కర్లేదని చెప్పాలి. కిందటేడు వచ్చినావిడ అన్నీ వరసగా చెప్పింది."

చెప్పాను. కుర్చీ తుడిచి వేసింది. పొయ్యి, ఇచ్చిన రోజు కవరుతోనే, మూల ఉంది. దాని మీద నా ఇస్త్రీ బట్టలు ఉన్నాయి. వారంలో ఎన్ని రోజులు వాడతారు అన్నది పన్నెండవ ప్రశ్న.

"వాడను మేడమ్. ఇదివరకు వచ్చినవాళ్లందరికీ రోజూ వాడతాననే చెప్పాను. పాపం అంత దూరం నుంచి ఇచ్చారు, మనసు కష్టపెట్టుకుంటారని. మీకు అబద్ధం చెప్తే సాయంత్రానికల్లా ఇంట్లో దొరికిపోతాను."

గుమ్మంలో నిలబడి చూస్తున్న పక్కింటి అత్తయ్య, కుట్టుపని చేసుకునే ఆవిడ, ఇది విని నవ్వింది. ఆ నవ్వు కూడా రికార్డింగులో ఉంది.

6. ముప్పై ఒకటవ ప్రశ్న: గత ఏడాది కాలంలో మీ ఇంట్లో ఎవరైనా వేరొకరి అవసరం కోసం తమ వైద్యాన్ని వాయిదా వేసుకున్నారా?

అత్తయ్య అప్పటికి వెళ్లిపోయింది.

"నేనే వేసుకున్నానండి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. పొద్దున లేచేసరికి గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటోంది. ఆస్పత్రికి వెళ్తే పడుకోబెట్టేస్తారు. మా అమ్మాయికి థీసిస్సో ఏదో ఉంది కదా, అదయ్యాక చూసుకుందాంలే అని."

ఎంతకాలంగా అన్నది అనుబంధ ప్రశ్న. అడిగాను.

"వానలప్పటి నుంచి మేడమ్."

మూడవ గడిలో టిక్కు పెట్టాను. మూడు అంటే 'స్వచ్ఛందంగా వాయిదా వేసుకున్నారు' అని అర్థం. వెంటనే ముప్పై రెండవ ప్రశ్నకు వెళ్లాను: మీ ఇంటి పైకప్పు ఏ రకము?

"రేకులు," అంది అమ్మ.

రేకులు అని రాసుకున్నాను.

7. జవాబు విన్నప్పుడు ముఖంలో ఏ భావమూ చూపరాదని శిక్షణలో చెప్పారు. నేను చూపలేదు. అయితే నేను శిక్షణ వల్ల అలా ఉన్నానని తమరు అనుకోరాదు. ఇంకా ఐదు ప్రశ్నలే ఉన్నాయి అనుకున్నాను, అంతే. ఆ సాయంత్రం అమ్మ మామూలుగానే వంట చేసింది. నేను మామూలుగానే తిన్నాను. ఆస్పత్రి మాట నా నోటిదాకా వచ్చింది గాని, ఎత్తితే రెండు మూడు రోజులు పోతాయి, థీసిస్ అయ్యాక చూద్దాంలే అనుకున్నాను. ఇద్దరం అదే అనుకున్నామన్నమాట. ఇంటర్వ్యూ జరిగిన యాభై మూడవ రోజు మధ్యాహ్నం, కూరగాయల కొట్టు ముందు అమ్మ కూలబడిపోయింది. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. థీసిస్ గడువులోపలే ఇచ్చాను.

8. దిద్దిన ప్రతి నాకు తిరిగి వచ్చినప్పుడు, ఇరవై ఏడవ ఇంటర్వ్యూ నుంచి, 'మా అమ్మాయి థీసిస్' మాట తీసేసి, నేను ఎత్తి రాసిన ముప్పై ఒకటి, ముప్పై రెండు ప్రశ్నల పక్కన గైడు గారు ఎర్ర సిరాతో ఇలా రాశారు: "చక్కటి నిగ్రహం. జూనియర్లకు నమూనాగా చూపవచ్చు." ఆయన మంచివారు. ఆయనకు తెలియదు. అది చదివి, పేజీ తిప్పి, తర్వాతి పేజీలో అచ్చుతప్పులు సరిచేసుకున్నాను. అమ్మ పోయిన నాటి నుంచి నాకు ఏడుపు రాలేదు. ఇది ఫిర్యాదు కాదు, వివరము మాత్రమే.

9. మా నాన్న బస్సు డిపోలో టైర్లు మారుస్తారు. సర్వే సంగతి ఆయనకు అత్తయ్య చెప్పింది.

"ఆ మిషన్లో మీ అమ్మ గొంతు ఉందంట కదా. ఒకసారి వినిపిస్తావా?"

"రూల్సు ఒప్పుకోవు నాన్నా."

"సరేలే. అడిగి చూడు."

అప్పటి నుంచి రోజూ డిపో నుంచి వచ్చి, చేతుల మసి కడుక్కుంటూ, "అడిగావా?" అంటారు. లేదంటే, సరే అంటారు. మా ఇంట్లో అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. పెళ్లి ఫొటోలో మాట ఉండదు. నాకు ఫోన్ చేస్తే, బస్సెక్కావా అనేది, ఎక్కాను అంటే పెట్టేసేది. అవి ఎవరు దాచుకుంటారు? ఆ నలభై నిమిషాలు వింటే ముప్పై ఒకటవ ప్రశ్న కూడా నాన్న వింటారు. నేను రేకుల గురించి అడగడం కూడా వింటారు. అది ఆలోచించే ఈ అర్జీ రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. విననీయండి.

10. తమ కార్యాలయంలోని గుమాస్తా గారిని ముందుగా నోటిమాటగా అడిగాను. ఊరికే ఒక్కసారి వినిపించి తర్వాత చెరిపేయండి అన్నాను. ఆయన రిజిస్టరు తీసి, 'సంబంధము' అన్న గడి మీద వేలు పెట్టారు.

"ఇరవై ఏడో నంబరు నీకేమవుతుందని రాయనమ్మా ఇక్కడ?"

నేను సంచి భుజాన వేసుకోబోయాను. ఆయనకు అర్థమైంది. రిజిస్టరు మూసేశారు.

"నా మాట విను. ఇది కాగితం మీద పెట్టావంటే డిగ్రీకి నీళ్లొదులుకున్నట్టే. రెండేళ్లు చదివావు. పదిహేనో తారీఖున వచ్చి సంతకం పెట్టి, సర్టిఫికెట్టు పట్టుకుపో."

ఆయన నా మేలు కోరే చెప్పారు. ఆయన మీద ఎలాంటి చర్యా తీసుకోరాదని మనవి. ఇంటికి వెళ్లి రెండు రోజులు ఆలోచించాను. ఈ చదువుతో నేను చేయబోయే ఉద్యోగం కూడా ఇలాంటి ఇళ్లకు వెళ్లి ఇలాంటి ప్రశ్నలు అడగడమే. మూడవ రోజు కాగితం తీసుకున్నాను.

కావున, ఆ గడిలో 'తల్లి' అని రాసుకోవలసిందిగానూ, సదరు రికార్డింగును చెరపకుండా ఒక నకలును మా నాన్నగారి చేతికి ఇప్పించవలసిందిగానూ ప్రార్థిస్తున్నాను. ఆరవ నియమం కింద నా థీసిస్‌ను రద్దు చేసినా, డిగ్రీని నిలిపివేసినా నాకు అభ్యంతరం లేదు. వద్దన్న పని చేసిందీ నేనే, అబద్ధపు సంతకం పెట్టిందీ నేనే. చెరపడానికి ఇంకా ఆరు రోజులే వ్యవధి ఉన్నది గనుక, ఈలోగా దీనిని తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
హాల్ టికెట్ నంబరు 0419
(ఇరవై ఏడవ నంబరు వారి కూతురు)

తా.క.: నకలు ఇచ్చేటప్పుడు చివరిదాకా ఉందో లేదో దయచేసి సరిచూడగలరు. ముప్పై ఆరవ ప్రశ్న, 'మీరు మమ్మల్ని ఏమైనా అడగదలిచారా?' అన్నది. దానికి అమ్మ, "అయిపోయాయా? ఇంక నిన్ను నువ్వు అనొచ్చా?" అంటుంది. నేను, "ఒక్క నిమిషం ఉండండి, రికార్డరు ఆపాలి," అంటాను. అక్కడితో ఆగిపోతుంది. ఆపిన తర్వాత అమ్మ నా పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు గుర్తు లేదు. ఫారంలో గడులన్నీ నిండాయో లేదో చూసుకుంటున్నాను. అన్నీ నిండాయి.